ఫిర్యాదు: మీ రెండు జాబ్ షీట్లలో ఒక్కటీ ట్వీటర్‌ని కొలవలేదు

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: బుక్‌షెల్ఫ్ స్పీకర్ జతలో ఎడమ పెట్టె ట్వీటర్ పనిచేయకపోవడం, తప్పు కొలతల ఆధారంగా వారంటీ తిరస్కరించడం.

అయ్యా/అమ్మా,

మీ కంపెనీ స్పీకర్ జతలో ఎడమ పెట్టె ట్వీటర్ (ట్రెబుల్, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) మూగబోయింది. వారంటీ గడువు ఇంకా ఉంది. మీ సర్వీస్ సెంటర్ దీనికి రెండు జాబ్ షీట్లు ఇచ్చింది. మొదటిదాంట్లో "5.7 ఓమ్‌లు, లోపం లేదు, వాడుకోవచ్చు" అని ఉంది. రెండోదాంట్లో "ట్వీటర్ 1.9 ఓమ్‌లు, కాయిల్ షార్ట్, ఎక్కువ పవర్ ఇచ్చి కాల్చారు, వారంటీ వర్తించదు" అని ఉంది. ఒకే పెట్టెకు వచ్చిన ఈ రెండు తీర్పులూ ఒకదానికొకటి పొసగవన్నది అలా ఉంచండి. ఆ రెండు అంకెల్లో ఏదీ ట్వీటర్‌ది కాదు. ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కింద వివరిస్తున్నాను. దయచేసి దీన్ని మీ టెక్నికల్ విభాగంలో తెలిసినవాళ్ళ చేత చదివించండి. కాల్ సెంటర్‌కి పంపితే "స్పీకర్ ఆపి మళ్ళీ ఆన్ చేసి చూడండి" అనే జవాబే మళ్ళీ వస్తుంది. ఈ స్పీకర్‌కి అసలు ఆన్, ఆఫ్ స్విచ్చే లేదు.

ముందుగా లోపం ట్వీటర్‌లోనే ఉందని ఎలా తేలిందో చెప్తాను. ఎడమ పెట్టెలో మాట వినిపిస్తుంది, కానీ స, శ, ష అక్షరాలు మొద్దుబారిపోతాయి, సింబల్స్ (డ్రమ్ సెట్‌లోని ఇత్తడి తాళాలు) ఎక్కడో గోడ అవతల మోగినట్టుంటాయి. యాంప్ (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్) ఆపేసి, వెనక ఎడమ, కుడి స్పీకర్ వైర్లను తారుమారు చేస్తే లోపం ఎడమ పెట్టెతోనే ఉండిపోయింది, కుడి పెట్టెకు మారలేదు. కాబట్టి యాంప్, దాని ముందున్న ప్లేయర్, కేబుళ్ళు అన్నీ నిర్దోషులే. వెనక నాలుగు టెర్మినళ్ళ మధ్య ఉన్న ఇత్తడి జంపర్ పట్టీలను విప్పి, తుడిచి, మళ్ళీ గట్టిగా బిగించినా తేడా రాలేదు. బై-వైరింగ్ స్పీకర్లలో, అంటే ట్వీటర్‌కూ వూఫర్‌కూ (బరువైన శబ్దాలు పలికే పెద్ద స్పీకర్) వేర్వేరు టెర్మినళ్ళు ఉన్నవాటిలో, పై జత టెర్మినళ్ళకు పట్టీ వదులైతే ట్వీటర్ పోయినట్టే కనిపిస్తుంది. అందుకే స్క్రూడ్రైవర్ పట్టే ముందు చూడాల్సింది అదే. మీ మొదటి జాబ్ షీట్‌లో ఆ ప్రస్తావన కూడా లేదు.

ఇక మొదటి అంకె, 5.7 ఓమ్‌లు. ఇది పెట్టె వెనక టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటర్ పెట్టి తీసిన రీడింగ్. మల్టీమీటర్ ఓమ్‌ల రేంజ్‌లో పంపేది డీసీ, అంటే ఒకే దిశలో పోయే కరెంటు. ట్వీటర్ దారిలో సిరీస్‌లో 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది, అది డీసీని పోనివ్వదు. అంటే మీటర్‌కు కనిపించింది వూఫర్ వాయిస్ కాయిల్ (స్పీకర్‌ను కదిలించే తీగ చుట్ట), దాని సిరీస్‌లో ఉన్న క్రాసోవర్ (శబ్దాన్ని వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే సర్క్యూట్) కాయిల్, అంతే. ట్వీటర్ బాగున్నా 5.7 వస్తుంది, తెగిపోయినా 5.7 వస్తుంది, మొత్తానికి పీకి పక్కన పెట్టినా 5.7 వస్తుంది. కుడి పెట్టె మీద ఇదే కొలత తీస్తే మీకే తెలిసేది. ఈ పరీక్షతో ట్వీటర్‌కు "లోపం లేదు" అని రాయడం అంటే కంటి జబ్బుతో వచ్చినవాడి చెవులు చూసి పంపేసినట్టే.

రెండో అంకె, 1.9 ఓమ్‌లు, ఇంకా విచిత్రమైంది. ఇది ట్వీటర్‌ను ముందుకు లాగి, దాని వెనక లగ్గుల (వైర్లు తగిలించే లోహపు నాలుకల) మీద ప్రోబ్‌లు పెట్టి తీసింది. కానీ వైర్లు ఊడదీయకుండా తీసింది. క్రాసోవర్ బోర్డు మీద ట్వీటర్ దారిలో కెపాసిటర్ తర్వాత గ్రౌండుకు 0.3 మిల్లీహెన్రీ కాయిల్ ఉంది, దాని తీగ నిరోధం 0.4 ఓమ్. ఆ కాయిల్‌కీ ట్వీటర్‌కీ మధ్య 1.5 ఓమ్‌ల తెల్ల సిమెంట్ రెసిస్టర్ ఉంది. వైర్లు తగిలించి ఉన్నప్పుడు ట్వీటర్ లగ్గుల నుంచి చూస్తే ఈ రెండూ వరసగా కనిపిస్తాయి: 0.4, 1.5 కలిపితే 1.9. మీ టెక్నీషియన్ "షార్టైన కాయిల్" అని రాసింది మీ సొంత క్రాసోవర్ భాగాల మొత్తం. నిజానికి ఆ రీడింగే ట్వీటర్ తెగిపోయిందనడానికి సాక్ష్యం. ట్వీటర్ బాగుండి ఉంటే దాని 5.2 ఓమ్‌లు ఈ 1.9కి పారలల్‌గా కలిసి మీటర్ 1.4 దగ్గర చూపించేది. సరిగ్గా 1.9 వచ్చిందంటే ఆ కొమ్మలో కరెంటు పోయే దారే లేదన్నమాట.

ట్వీటర్‌ని కొలవాలంటే కనీసం ఒక వైరు ఊడదీయాలి. ఇంత చిన్న విషయం అధీకృత సర్వీస్ సెంటర్‌కు ఉత్తరంలో రాయాల్సి రావడం బాధాకరం.

వైర్లు ఊడదీసి, 200 ఓమ్‌ల రేంజ్‌లో, ముందు ప్రోబ్‌లు రెండూ తాకించి వచ్చిన 0.3 ఓమ్ తీసేసి చూస్తే ఫలితం ఇది. కుడి ట్వీటర్ 5.2 ఓమ్‌లు, ప్రోబ్ తగలగానే డోమ్ (ట్వీటర్ ముందు కదిలే గుండ్రని పొర) నుంచి సన్నగా చిటుక్కుమంటుంది. ఎడమ ట్వీటర్ ఓపెన్, అంటే లోపల దారి తెగి ఉంది, మీటర్ కదలదు, చప్పుడు లేదు. అయితే ఎడమదాని సన్న లగ్గును, అంటే నెగటివ్ వైపుదాన్ని, వేలితో పక్కకు కొద్దిగా నొక్కి పట్టుకుంటే మీటర్ మీద 5.2 వస్తుంది. వదిలేస్తే మళ్ళీ ఓపెన్. నొక్కి పట్టుకుని ఉన్నంతసేపు చిన్న శబ్దంలో పాట పెడితే ట్రెబుల్ శుభ్రంగా వస్తుంది, గరగర కూడా లేదు. దీని వీడియో జతచేశాను, మీటర్ అంకెలూ వేలూ ఒకే ఫ్రేములో కనిపిస్తాయి.

ఇక్కడే మీ "కాల్చారు" అన్న మాట నిలబడదు. ఎక్కువ పవర్‌తో ట్వీటర్ కాలితే వాయిస్ కాయిల్ మీది ఎనామెల్ మాడుతుంది, చుట్టలు విడిపోతాయి, జిగురు కరిగి కాయిల్ గ్యాప్‌లో (అది కదిలే అయస్కాంతపు సందులో) రుద్దుకుంటుంది, వాసన నెలల తరబడి పోదు. అలాంటి కాయిల్ లగ్గు నొక్కగానే పక్కదానితో సమానంగా 5.2 ఓమ్‌లు చూపించి శుభ్రంగా పాడదు. ఇక్కడ కాయిల్ ఆరోగ్యంగా ఉంది. తెగింది కాయిల్ నుంచి లగ్గుకు వచ్చే లీడ్ తీగ దగ్గర. అయితే లగ్గు మీద డ్రై సోల్డర్ (సరిగా అతకని టంకం) అయ్యుండాలి, లేదా తీగను వదులు లేకుండా బిగుతుగా లాగి అంటించడం వల్ల డోమ్ కదిలినప్పుడల్లా ఒకే చోట వంగి వంగి తెగి ఉండాలి. ఈ రెంటిలో ఏదన్నది ముందు ప్లేట్, డోమ్ విప్పితేనే తేలుతుంది. ఆ పని మీది, నేను చేయలేదు, చేయను కూడా. ట్వీటర్‌ను పట్టి ఉంచే నాలుగు స్క్రూల మీద సీలు లేదు, మీ మాన్యువల్‌లో వాటిని విప్పకూడదని ఎక్కడా రాయలేదు. కాబట్టి ఆ వంక చూపరనుకుంటాను.

క్రాసోవర్ సంగతి కూడా ముందే తేల్చేస్తున్నాను, బోర్డు మార్చి ట్వీటర్ వదిలేస్తారేమోనన్న అనుమానంతో. కుడి ట్వీటర్‌ను ఎడమ పెట్టె వైర్లకు తగిలిస్తే పూర్తిగా పాడుతుంది. ఎడమ ట్వీటర్‌ను కుడి పెట్టె వైర్లకు తగిలిస్తే మూగగానే ఉంటుంది. కెపాసిటర్, కాయిల్, రెసిస్టర్, వాటి సోల్డరింగ్ అన్నీ సరిగ్గా ఉన్నాయనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

యాంప్ మీద నెపం పెట్టే అవకాశం కూడా లేదు. యాంప్ డీసీ వదిలి ఉంటే ముందు పోయేది వూఫర్, ఎందుకంటే ట్వీటర్‌కు కెపాసిటర్ అడ్డు ఉంది. వూఫర్ చక్కగా ఉంది. ఒకవేళ యాంప్ క్లిప్ అవుతూ (శక్తికి మించి నడిచి సిగ్నల్ కొసలు కోస్తూ) పనిచేసినా, వినపడని హై ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవుతున్నా ట్వీటర్ పోయే మాట నిజమే. కానీ అప్పుడు కాయిల్ మాడుతుంది, లగ్గు దగ్గర తీగ మాత్రమే తెగి కాయిల్ కొత్తదానిలా మిగలదు. సందర్భం వచ్చింది కనుక ఇంకో మాట. పెట్టె వెనక మీరు అచ్చేసిన 100 వాట్లు మొత్తం పెట్టెకు సంబంధించినవి. సంగీతంలో ట్వీటర్ వాటాకు వచ్చేది అందులో చిన్న భాగమే, 25 మిల్లీమీటర్ల కాయిల్ నిరంతరం భరించగలిగేది కూడా అంతే. ఆ తేడా మాన్యువల్‌లో ఒక్క వాక్యంలో రాసి ఉంటే, ఎవరైనా నిజంగా కాల్చినప్పుడు మీ వాదనకైనా బలం ఉండేది.

అన్నిటికన్నా తీవ్రమైన అభ్యంతరం మొదటి జాబ్ షీట్‌లోని "వాడుకోవచ్చు" అన్న సలహా మీద. ట్వీటర్ తెగిపోయిన పెట్టె కేవలం సగం పాడే పెట్టె కాదు. ట్వీటర్ లేకపోతే ఆ దారిలో మిగిలేది కెపాసిటర్, దాని వెనక కాయిల్, రెండూ సిరీస్‌లో. 4.7 మైక్రోఫారడ్‌కీ 0.3 మిల్లీహెన్రీకీ 4.2 కిలోహెర్ట్జ్ దగ్గర రెజొనెన్స్ వస్తుంది. ఆ చోట రెండింటి రియాక్టెన్స్‌లూ (ఏసీకి అవి చూపే అడ్డు) ఒకదాన్నొకటి కొట్టేసుకుని, యాంప్‌కు కాయిల్ తీగ నిరోధం మాత్రమే కనిపిస్తుంది, అటూ ఇటుగా అర ఓమ్. సుమారు 3.5 నుంచి 5 కిలోహెర్ట్జ్ వరకు ఇంపెడెన్స్ (యాంప్‌కు కనిపించే మొత్తం అడ్డు) 3 ఓమ్‌ల లోపే తిరుగుతుంది. 6 ఓమ్‌ల స్పీకర్ అని రాసి అమ్మిన పెట్టె ఇది. ట్వీటర్ ఉన్నప్పుడు అది ఈ రెజొనెన్స్‌ను అణచి ఉంచుతుంది. చిన్న శబ్దంలో ప్రమాదం తక్కువే కానీ, గట్టిగా పెట్టినప్పుడు యాంప్ వేడెక్కడం, ప్రొటెక్షన్ పడటం, రక్షణ సరిగా లేని యాంప్ అయితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోవడం, ఇవన్నీ జరగగలవు. అలాంటి పెట్టెను పరీక్షించకుండానే వాడుకోమనడం బాధ్యతారాహిత్యం.

మీ టెక్నీషియన్లు పెట్టె తెరవకుండానే ఈ లోపం పట్టుకోవచ్చు. జంపర్ పట్టీలు తీసేయండి. సిగ్నల్ జనరేటర్ నుంచి 4.2 కిలోహెర్ట్జ్, 1 వోల్టు సిగ్నల్‌ను 10 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా పై జత టెర్మినళ్ళకు ఇవ్వండి. జనరేటర్ అంత కరెంటు ఇవ్వలేకపోతే మధ్యలో ఒక చిన్న యాంప్ పెట్టుకోండి. ఈ మోడల్‌లో ట్వీటర్ బాగుంటే టెర్మినళ్ళ మీద 0.4 వోల్టు దాకా ఉండాలి, తెగి ఉంటే 0.05కి పడిపోతుంది. చవక మల్టీమీటర్లు ఏసీని 1 కిలోహెర్ట్జ్ పైన సరిగా చూపవు కాబట్టి అంకెను నమ్మకుండా, జతలోని రెండో పెట్టెతో పోల్చండి. అదీ కుదరకపోతే చిన్న శబ్దంలో పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) పెట్టి, అట్టగొట్టం ఒక కొన ట్వీటర్ దగ్గర, రెండో కొన చెవి దగ్గర ఉంచి వింటే చాలు. సైన్ టోన్‌ను (ఒకే ఫ్రీక్వెన్సీ కూతను) మాత్రం వాల్యూమ్ పెంచి అలా వదిలేయకండి, బాగున్న ట్వీటర్ పోయేది అలాంటప్పుడే.

ఇప్పుడు నేను కోరేవి. రెండో జాబ్ షీట్‌ను రద్దు చేసి, తయారీ లోపంగా నమోదు చేసి, ట్వీటర్‌ను వారంటీ కింద ఉచితంగా మార్చాలి. అదే పార్టు, అదే వెర్షన్ కావాలి. మధ్యలో ట్వీటర్ రకం మారి ఉంటే రెండు పెట్టెలకూ మార్చాలి, లేకపోతే స్టీరియో బొమ్మ, అంటే రెండు పెట్టెల మధ్య గాయకుడు, వాయిద్యాలు ఉన్నట్టు వినిపించే చోటు, ఒక పక్కకు ఒరుగుతుంది. మొత్తం ట్వీటర్ కాకుండా డోమ్, కాయిల్ సెట్ మాత్రమే మారుస్తామంటే అభ్యంతరం లేదు. కానీ గ్యాప్‌లోని పాత ఫెర్రోఫ్లూయిడ్‌ను (అయస్కాంతానికి అంటుకునే ద్రవాన్ని) పూర్తిగా అద్ది తీసి, అదే గ్రేడు, కొలిచిన మోతాదులో వేయాలి, కాయిల్ మధ్యలో కూర్చుందో లేదో చూడాలి. ఏది చేసినా 3 నుంచి 15 కిలోహెర్ట్జ్ మధ్య రెండు పెట్టెల తేడా 1 డెసిబెల్ మించకుండా ఉందని కొలిచిన గ్రాఫు జతచేయాలి.

వైర్లు తగిలించేటప్పుడు పోలారిటీని (ప్లస్, మైనస్ వైపులను) కుడి పెట్టె చూసి సరిపోల్చమనండి. ఇలాంటి క్రాసోవర్లలో ట్వీటర్‌ను డిజైన్‌లోనే తిరగేసి కలిపే అలవాటు ఉంది. ఎర్ర వైరు ప్లస్‌కే అని కళ్ళు మూసుకుని తగిలిస్తే క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం తగ్గి గుంట పడుతుంది. రెండోసారి తిరిగొచ్చిన పెట్టెలో ట్వీటర్ వెనక ఫోమ్ గాస్కెట్ సగం చిరిగి ఉంది, అది కూడా కొత్తది వేయాలి. అది లేకపోతే వూఫర్ గట్టిగా కొట్టినప్పుడు ట్వీటర్ అంచు నుంచి గాలి లీకై ఈల వేస్తుంది. పైగా ఒక స్క్రూ తల పక్కన డోమ్ అంచుకు వెంట్రుకవాసి దూరంలో గీత ఉంది. ఆ అయస్కాంతం ఇనుప స్క్రూడ్రైవర్‌ను లాక్కుంటుంది, బిట్ జారితే సిల్క్ డోమ్‌కు చిల్లే. డోమ్ మీద అట్టముక్క అడ్డం పెట్టి పని చేయమని మీవాళ్ళకు చెప్పండి.

ఈ ఉత్తరానికి టెక్నికల్ విభాగం నుంచి, సంతకం చేసినవారి హోదాతో సహా, లిఖితపూర్వక జవాబు ఇవ్వండి. మళ్ళీ తిరస్కరిస్తే, వైర్లు ఊడదీసి తీసిన రీడింగ్‌నూ, విప్పిన కాయిల్, లగ్గుల దగ్గరి ఫోటోలనూ కారణంగా చూపించండి. పెట్టె వెనక తీసిన రీడింగ్‌ను కారణంగా అంగీకరించను. ఎడమ పెట్టెను మీ ప్రతినిధి వచ్చి తీసుకెళ్ళేవరకు యాంప్‌కు తగిలించకుండా పక్కన పెట్టాను.

కొనుగోలు బిల్లు నకలు, రెండు జాబ్ షీట్ల నకళ్ళు, లగ్గు నొక్కినప్పటి వీడియో, చిరిగిన గాస్కెట్ ఫోటో జతచేశాను.

ఇట్లు,
మీ స్పీకర్ కొనుగోలుదారు