శ్రీకాకుళం కలెక్టర్ గారికి, మా ఊరి ముసలమ్మల గురించి

నమస్తే సార్. మా ఉద్దానంలో పిల్లలంతా చెన్నై, హైదరాబాద్ వలసెళ్లిపోయాక చాలా ఇళ్లల్లో మిగిలింది ముసలమ్మలే. 2024 నుంచి పెన్షన్ 4,000 చేశారు, ఇంటికే తెచ్చిస్తన్నారు, మంచిదే, కానీ మనిషితో మాటాడ్డం ఆ ఒక్కరోజేనా అండి? మా మామ్మైతే టీవీ సీరియల్లో అత్తగారిని గట్టిగా తిడతాది, తిట్టడానికి ఇంట్లో ఇంకెవులూ లేరు మరి!

పెద్దవేం అడగట్లేదు సార్, సాయంత్రం పిల్లలెళ్లిపోయాక అంగన్‌వాడీ వరండా వీళ్లకి ఇప్పించండి, నాలుగు బెంచీలు, ఒక ఫ్యాను, తాళం వేయని బాత్రూమ్ ఉంటే చాలు, జీడిపిక్కలు ఒలుచుకుంటూ వాళ్లే కబుర్లాడుకుంటారు. ఆడోళ్లకి ఫ్రీ బస్సు పెట్టారు గానీ ఆ మెట్టు మోకాలెత్తుంటాది, ఎక్కేదాకా కాస్త ఆగమని డ్రైవర్లకి చెప్పండి. పెద్దోళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉందని ఇక్కడ ఎవులికీ తెలీదు, పెన్షన్ ఇచ్చేటప్పుడే ఆ నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాసెళ్లమనండి.