మన అర్థశాస్త్ర అధ్యయన సంఘం వార్షిక నివేదిక, అనంతపురం

గౌరవ అధ్యక్షులకు, పెద్దలకు, సభ్య మిత్రులకు నమస్కారం. మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో ఇక్కడున్న అందరికీ తెలుసు కాబట్టి నేరుగా ఈ ఏడాది పనుల్లోకి వస్తాను.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక విద్యార్థిని లేచి ఇలా అడిగింది: "మనుషులు హేతుబద్ధంగా, అంటే తమకు ఏది మేలో లెక్క చూసుకుని ఎంచుకుంటారని పాఠం మొదట్లోనే అనుకుంటాం కదా సార్, అది నిజమా కాదా అని పరీక్ష పెట్టడానికి వీలవుతుందా?" ఆ రోజు భోజనాల వేళ అయిందని ప్రశ్నను పక్కన పెట్టాం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాళ్లం ఇంతమందిమి ఉండి ఒక పిల్లకు జవాబు చెప్పలేకపోయాం. అందుకే ఈ ఏడాది నెలవారీ కూటములన్నీ ఆ ఒక్క ప్రశ్నకే కేటాయించాలని కార్యవర్గం తీర్మానించింది.

మొదటి కూటమిలో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1953 వ్యాసం చదివాం. ఊహ నిజమా కాదా అని చూడనక్కర్లేదు, దాని నుంచి వచ్చే అంచనా ఫలిస్తే చాలు అని ఆయన వాదన. మన సీనియర్ సభ్యుల్లో చాలామంది అటే మొగ్గారు. రేటు పెరిగితే జనం తక్కువ కొంటున్నారు కదా, అంతకంటే రుజువేం కావాలన్నారు. దానికి జవాబు ఇంకో ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1962లోనే ఇచ్చారు. చేతిలో డబ్బు ఇంతే అన్న హద్దు ఉంటే, కళ్లు మూసుకుని ఎంచుకునేవాళ్ల గుంపు కూడా రేటు పెరిగిన సరుకు సగటున తక్కువే కొంటుందని చూపించారు. అంటే రేటు పెరిగేకొద్దీ కొనుగోలు తగ్గి గిరాకీ రేఖ కిందికి దిగినంత మాత్రాన హేతుబద్ధత రుజువైనట్టు కాదు. దీని మీద రెండు కూటములు గట్టిగానే వాదన జరిగింది. అలాంటి వాదన కోసమే కదా మనం సంఘం పెట్టుకున్నది.

మూడో కూటమిలో ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ 1938లో వేసిన బాట పట్టాం. మనిషి మనసులో ఏముందో అడక్కుండా, ఏం కొన్నాడో చూసి, ఆ కొనుగోళ్లు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని లెక్క చూడటం. 1967లో ఆఫ్రియాట్, 1982లో హాల్ వేరియన్ దాన్ని నిజమైన లెక్కల మీద పెట్టి చూసే పరీక్షగా మలిచారు. ప్రశ్న అడిగిన అమ్మాయే బోర్డు మీద లెక్క వేసి చూపించింది. మొదటి వారం టమాటా కిలో 20, ఎర్రగడ్డ కిలో 40 అనుకుందాం. ఒకామె 2 కిలోల టమాటా, 3 కిలోల ఎర్రగడ్డ కొంది, 160 రూపాయలు. రెండో వారం రేట్లు తారుమారయ్యాయి, టమాటా 40, ఎర్రగడ్డ 20. ఈసారి 3 కిలోల టమాటా, 2 కిలోల ఎర్రగడ్డ కొంది, మళ్లీ 160. రెండో వారం సంచి మొదటి వారం రేట్లకు 140కే వచ్చేది. మొదటి వారం సంచి రెండో వారం రేట్లకు 140కే వచ్చేది. రెండు సార్లూ చవగ్గా దొరికే సంచిని వదిలేసి ఖరీదైనదాన్నే తీసుకుంది. ఒకే అభిరుచి ఉన్న మనిషి ఇలా కొనడం పొసగదు. పరీక్షలో తప్పినట్టే.

అప్పుడు వెనక వరసలోంచి ఒక మహిళా సభ్యురాలు, "రెండో వారం నేను టమాటా ఊరగాయ పెట్టుకున్నానేమో, మీకేం తెలుసు?" అన్నారు. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఈ ఏడాది మన సంఘంలో వినిపించిన అతి విలువైన మాట అదేనని నా అభిప్రాయం. పరీక్షకు నిలబడేది హేతుబద్ధత ఒక్కటే కాదు. ఆమె అభిరుచి రెండు వారాలూ మారలేదన్న మన ఊహ కూడా దాని పక్కనే నిలబడుతుంది. తేడా వస్తే రెంటిలో ఏది తప్పిందో ఆ లెక్క చెప్పదు.

ఇక మనం గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమం. కళ్యాణదుర్గం వైపు ఒక గ్రామంలో, బడి ఆవరణలో, వేరుశనగ రైతులతో ఒక పూటంతా గడిపాం. దీని అనుమతి కోసం ఒక కార్యాలయానికి నేనే మూడుసార్లు ఉత్తరం పట్టుకెళ్లాను. మూడుసార్లూ తీసుకున్నారు, ఒక్కసారీ జవాబు ఇవ్వలేదు. చివరికి ఊరి పెద్దలే ముందుకొచ్చి చోటు చూపించారు. వస్తామని పేర్లు ఇచ్చిన వాలంటీర్లు పన్నెండు మంది. ఉదయం ఆరున్నరకు బస్టాండులో ఉన్నది నలుగురు. మిగతావాళ్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎవరినీ నొప్పించాలని ఈ మాట అనడం లేదు గానీ, చీటీల డబ్బాలు, బోర్డు, బ్యానర్ నలుగురు మోసుకుని పల్లెవెలుగు బస్సు ఎక్కిన సంగతి ఈ నివేదికలో ఉండాలి.

మేం అడిగినవి మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రచురించిన ప్రశ్నలే. వాటికి మూలం ఫ్రెంచి ఆర్థికవేత్త మొరిస్ అలే 1953లో వేసిన చిక్కు. మొదటి ప్రశ్న: 2,400 రూపాయలు ఖాయంగా తీసుకుంటారా, లేక నూరు చీటీల డబ్బాలో చెయ్యి పెడతారా? డబ్బాలో 33 చీటీలకు 2,500, 66 చీటీలకు 2,400, ఒక్కటి ఖాళీ. రెండో ప్రశ్నలో రెండు డబ్బాలు. ఒకదాంట్లో 34 చీటీలకు 2,400, రెండోదాంట్లో 33 చీటీలకు 2,500, మిగతావన్నీ ఖాళీ. రెండు వైపులా ఉన్న 66 చీటీల 2,400ను తీసేస్తే మొదటి ప్రశ్నే రెండోది అవుతుంది. రెండు వైపులా ఒకేలా ఉన్నదాన్ని తీసేసినా ఎంపిక మారకూడదని హేతుబద్ధ ఎంపిక సూత్రం. కాబట్టి దాని ప్రకారం మొదటిసారి ఖాయం డబ్బు తీసుకున్నవాళ్లు రెండోసారి 34 చీటీల డబ్బానే ఎంచుకోవాలి. కానెమన్, ట్వెర్‌స్కీ 72 మందిని అడిగితే మొదటి ప్రశ్నకు 82 శాతం ఖాయం డబ్బు అన్నారు, రెండోదానికి 83 శాతం 2,500 వైపు వెళ్లారు. మన ఊళ్లోనూ చేతులు అటే లేచాయి.

ఎందుకని అడిగితే ఒక పెద్దాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని ఇలా అన్నాడు: "నూట్లో ఆ ఒక్క ఖాళీ చీటీ నాకే వచ్చిందనుకో సార్, ఇంటికి పోయి ఏమని చెప్పల్ల? చేతిలో పెట్టే దుడ్లు వద్దనుకుని వచ్చినానని చెప్పల్లనా? రెండోదాంట్లో ఎట్లా రాకపోయేదే ఎక్కువ. ఇంకో నూరు కోసం చూస్తే నన్ను ఎవురు అంటారు?"

దీన్ని తప్పు అనగలమా? రైతు చదువుకోలేదు కాబట్టి తప్పాడనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1952లో పారిస్‌లో అలే ఇలాంటి ప్రశ్నలే భోజనం దగ్గర గణాంక శాస్త్రవేత్త లియొనార్డ్ సావేజ్‌ను అడిగారు. ఏ సూత్రానికి ఈ రైతుల జవాబు విరుద్ధమో ఆ సూత్రాన్ని రాసిన మనిషే అదే జవాబు చెప్పారు. తర్వాత ఆలోచించుకుని తన జవాబును దిద్దుకున్నారు, సూత్రాన్ని వదల్లేదు. మన పెద్దాయన మాత్రం లెక్క అంతా విడమరిచి చెప్పాక కూడా తన జవాబు మీదే నిలబడ్డాడు.

తిరుగు బస్సులో మాలో మాకే పెద్ద వాదన. పెద్దాయన భయపడిన నలుగురి మాటను కూడా లెక్కలో వేస్తే ఆయన హేతుబద్ధంగానే ఉన్నాడని ఒకరన్నారు. అలా జవాబు విన్న తర్వాత ఒక్కో కారణం కలుపుకుంటూ పోతే ఆ ఊహ ఎప్పటికీ ఓడదు, అప్పుడు దాన్ని పరీక్షించామనడమే అబద్ధం అని ఇంకొకరు. నేను రెండో వైపే. మనిషి వేటిని లెక్కలోకి తీసుకుంటాడో, ఏ జవాబు వస్తే మన ఊహ ఓడినట్టో, రెండూ ప్రశ్న అడగకముందే కాగితం మీద రాసిపెట్టుకోవాలి. అలా రాస్తే పరీక్ష సాధ్యమే. నష్టభయాన్ని, ఖాయమైనదాని మీద మొగ్గును ముందే సిద్ధాంతంలో పెట్టి, కొత్త అంచనాలు తీసి చూపించారు కాబట్టే కానెమన్‌కు 2002లో నోబెల్ వచ్చింది.

మన జిల్లాకు ఈ విషయంలో ఇంకా దగ్గరి సంబంధం ఉంది. జీనే, టౌన్సెండ్, వికరీ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2004లో మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల పల్లెల్లో సర్వే చేసి, వర్షపాత బీమా, అంటే చేను చూడకుండా కొలిచిన వానను బట్టి డబ్బిచ్చే బీమా, ఎవరు కొంటున్నారో 2008లో ప్రచురించారు. నష్టానికి భయపడే రైతు బీమా ఎక్కువ కొనాలని పుస్తకం చెబుతుంది. వాళ్లకు కనిపించింది తలకిందులు. భయం ఎక్కువున్నవాళ్లే తక్కువ కొన్నారు. ముఖ్యంగా అమ్మే సంస్థతో ముందు పరిచయం లేనివాళ్లు. బీమా అనే వస్తువే వాళ్ల కంటికి ఇంకో జూదంలా కనబడింది. ఊళ్లో ఈ సంగతి చదివి వినిపిస్తే ఒక మహిళా రైతు, "వాన కొలిచే మిషను మండలంలో ఉంటాది, శెనక్కాయ మా చేన్లో ఉంటాది. రోడ్డుకు ఆ పక్క పడి ఈ పక్క పడని వానలు మావి" అన్నారు. రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్ తర్వాత దేశంలో అంత తక్కువ వాన పడే జిల్లాగా పేరుపడ్డ చోట ఆమె వేసుకున్న లెక్క అది. మనం ఆమె దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

ఆ రోజు మాకు ఒక లోటు తెలిసింది. "నిజంగా ఇస్తారా సార్?" అని ఒక కుర్రాడు అడిగాడు. లేదు, ఊరికే అనుకోమన్నామని చెప్పాల్సి వచ్చింది. ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, మహారాష్ట్రలో పల్లెల్లో చేసి 1980లో ప్రచురించిన ప్రయోగాల్లో నిజమైన డబ్బే పెట్టారు. పెద్ద ఆటల్లో బహుమతి కూలి మనిషి నెల సంపాదనను మించింది. పందెం పెరిగేకొద్దీ దాదాపు అందరూ ఒకే తీరున ఓ మోస్తరు జాగ్రత్తకు వచ్చారు. ఊరికే అనుకోమని అడిగితే వచ్చే జవాబును నేను ఇక పూర్తిగా నమ్మలేను.

కృతజ్ఞతలు. చోటిచ్చిన బడి ప్రధానోపాధ్యాయులకు, ఊరి పెద్దలకు, పొద్దున్నే ఉగ్గాని, బజ్జీలు వండిపెట్టి డబ్బులు ముట్టని మహిళా సంఘానికి, చీటీలన్నీ రాత్రి కూర్చుని చేత్తో రాసిన ఇద్దరు విద్యార్థులకు, బ్యానర్ అప్పుగా కొట్టిచ్చిన ప్రింటింగ్ ప్రెస్ వారికి, అన్ని కూటములకూ తప్పకుండా వచ్చిన విశ్రాంత అధ్యాపకులకు, బస్సులో మా డబ్బాలకు చోటిచ్చిన కండక్టరుగారికి సంఘం తరఫున నమస్కారాలు.

జమాఖర్చులు: చందాలు, విరాళాలు కలిపి 38,400 రూపాయలు, ఖర్చు 35,150, నిల్వ 3,250. వివరాలు కోశాధికారి దగ్గర ఉన్నాయి. చందా బాకీ ఉన్నవారు ఈ రోజే కట్టవలసిందిగా కోరుతున్నాను.

వచ్చే ఏడాది జూన్ విత్తనం పనులు మొదలుకాకముందే అదే ఊరికి మళ్లీ వెళ్తామని పెద్దాయనకు మాటిచ్చాం. ఈసారి చిన్న మొత్తాలైనా నిజమైన డబ్బుతో అడగాలి. ఏ జవాబు వస్తే ఏమనుకోవాలో ముందే రాసి, కవరులో పెట్టి అంటించి అధ్యక్షుల దగ్గర ఉంచాలి. దీనికి ప్రత్యేక నిధి, కనీసం పది మంది మనుషులు కావాలి. పేరు ఇచ్చేవారు ఆరున్నరకు బస్టాండులో ఉండగలిగితేనే ఇవ్వండి. ఈ ప్రతిపాదనతో సహా నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి