వార్షిక నివేదిక: ఈ ఏటి మన ‘కన్యాశుల్కం’, దాన్ని నిలబెట్టిన మనుషులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనం, పిల్లల పోటీలు, కార్తీక వనభోజనాలు ఈ ఏడాది కూడా బాగానే జరిగాయి. వనభోజనాల రోజు వాన పడి ఫంక్షన్ హాల్లో విస్తళ్లు వేయాల్సి వచ్చింది, అంతే. కార్యవర్గం సమయమూ, సంఘం డబ్బూ ఎక్కువగా ఖర్చయింది మాత్రం ఒక్క నాటకానికే. “ఏడాదంతా ఒక్క నాటకమేనా?” అని ఫోన్ చేసి మరీ అడిగినవారున్నారు. అందుకే ఈసారి నివేదికలో ముఖ్యంగా ఆ నాటకం సంగతే చెబుతాను: ఎవరు ఏం చేశారు, డబ్బు ఎవరికి ఇచ్చాం, ఎందుకిచ్చాం.

మనలో ఎక్కువమందిమి విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డవాళ్లం. ఆడపిల్ల తండ్రికి డబ్బిచ్చి పెళ్లి చేసుకునే ఆచారం మీద గురజాడ అప్పారావు గారు రాసిన కన్యాశుల్కం 1892లో మొదట ఆడింది విజయనగరంలోనే. 1897లో అచ్చయింది. ఆ తర్వాత గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. ఇప్పుడు మనం చదువుకునేది ఆ ఏడంకాల నాటకమే. ఉన్నదంతా ఆడితే ఒక పూటలో తేలేది కాదు. మనకు దొరికిన హాలు మాత్రం రెండున్నర గంటలకే. కాబట్టి దర్శకుడి మొదటి పని కత్తెర పట్టుకోవడం.

మన దర్శకుడు బ్యాంకులో రిటైరైన సభ్యుడు. వయసులో ఉండగా నాటక పరిషత్తుల పోటీలకు నాటికలు పట్టుకుని ఊళ్లు తిరిగినాయన. ఆయన ముందుగా, ఇంగ్లీషు మాటలతో అందర్నీ బోల్తా కొట్టించే గిరీశం పాత్రని తగ్గించారు. దానిమీద పెద్ద గొడవే అయింది. 1955 సినిమాలో ఎన్టీఆర్‌ని చూసినవాళ్లూ, జె.వి. రమణమూర్తి గారి గిరీశాన్ని స్టేజీ మీద చూసినవాళ్లూ మనలో ఉన్నారు. గిరీశం తగ్గితే జనం ఊరుకోరన్నారు. “కథ నడిపేది మధురవాణి. ఆవిడ వైపు నుంచి చూడండి” అని దర్శకుడు పట్టు వదల్లేదు. ఆయన మాటే సరైనదని నా అభిప్రాయం. ముసలి లుబ్ధావధాన్ల ఇంట్లో పెళ్లి, జిత్తులమారి రామప్పంతులు ఆటలు, చివరికి వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్లడం, ఎటు చూసినా దారం ఆవిడ చేతిలోనే ఉంది. బైరాగినీ, సారా దుకాణాన్నీ తీసేసినందుకు మాత్రం నాకు ఇప్పటికీ బెంగే.

గిరీశంగా వేసిన కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పుట్టి పెరిగిందంతా హైదరాబాదే. గిరీశం ఇంగ్లీషు అతనికి మొదటి రోజే వచ్చేసింది. తెలుగు రావడానికే నెలలు పట్టింది. బొబ్బిలిలో టీచరుగా చేసి రిటైరైన మన సభ్యురాలు ప్రతి రిహార్సల్‌కీ వచ్చి కూర్చుని మాట మాటా సరిదిద్దారు. యాస అంటే సినిమా కామెడీలో చేసినట్టు సాగదీయడం కాదని ఆవిడ అందరికీ చెప్పీ చెప్పీ విసిగిపోయారు. కరపత్రంలో ‘భాష’ అని ఆవిడ పేరు విడిగా వేశాం. దర్శకుడి పేరు పక్కనే, అదే సైజులో.

అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు కరటకశాస్త్రి శిష్యుడికి పడ్డాయి. ఆడవేషం వేసుకుని పెళ్లికూతురిగా లుబ్ధావధాన్ల ఇంటికి వెళ్లే కుర్రాడి పాత్ర అది. మన అబ్బాయి పదో తరగతి. ట్యూషన్ అయ్యాకే పంపుతానని వాళ్లమ్మగారు షరతు పెట్టారు. దాంతో రిహార్సల్స్ అన్నీ రాత్రి ఎనిమిది దాటాకే మొదలయ్యేవి. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారి కాలంలో మగవాళ్లు ఆడవేషం వేస్తే ఆడదే అనుకునేలా ఉండాలి. ఇక్కడ అలా కాదు. వీడు మగపిల్లాడని ప్రేక్షకులకి తెలుస్తూ ఉండాలి, రామప్పంతులికి మాత్రం తెలియకూడదు. ఆ తేడా పట్టుకోవడం పెద్ద నటులకే కష్టం.

ఇక మధురవాణి. సభ్యుల్లో ఎవరూ ముందుకు రాలేదు. పాత్ర పెద్దది, పైగా వేశ్య పాత్ర అని కొన్ని ఇళ్లలో ఒప్పుకోలేదు. చివరికి పరిషత్తు నాటకాల్లో ఏళ్లుగా వేస్తున్న ఒక నటిని గుంటూరు జిల్లా నుంచి పిలిపించాం. పారితోషికం, రానూపోనూ చార్జీలు, బస అన్నీ సంఘం పెట్టుకుంది. “అందరూ ఉచితంగా చేస్తుంటే ఆవిడకి మాత్రం డబ్బెందుకు?” అని సభ్యులు వేసిన ప్రశ్నకు నా జవాబు ఇది. మనకు పొద్దున ఉద్యోగం ఉంది, సాయంత్రం నాటకం. ఆవిడకి నాటకమే ఉద్యోగం. ఒక్కో సీజన్‌లో నాలుగైదు సమాజాల నాటకాలు ఒకేసారి బుర్రలో పెట్టుకుని, రాత్రి బస్సుల్లో ఊరూరా తిరిగే పని అది. మామూలుగా ఇలాంటి నటీమణులు చివరి రెండు మూడు రిహార్సల్స్‌కే వస్తారు, సమాజాలు పిలిచేది కూడా అంతకే. మనం అదనపు రోజులకు కూడా డబ్బిచ్చి ముందుగా పిలిపించాం. పేకాట సీను అంత బిగువుగా రావడానికి కారణం అదే. ఒక పెద్ద ఖర్చు ఎందుకు పెట్టామని అడిగితే అన్నిటికంటే ముందు దీన్నే చూపిస్తాను.

తెర వెనక వాళ్ల గురించి క్లుప్తంగా. లైటింగ్ చూసుకున్నది పెళ్లి పందిళ్లకు దీపాలు కట్టే మన సభ్యుడే. వెలుతురు తగ్గించి పెంచే డిమ్మర్ వాడటం ఇక్కడే నేర్చుకున్నాడు. సెట్టు మూడిళ్లకీ ఒక్కటే: ఒక పందిరిమంచం, రెండు గుమ్మాలు, ఒక అరుగు. వేలాడదీసిన మైకులు పాత్రల మాటల కంటే మధురవాణి గాజుల చప్పుడునే బాగా పట్టుకున్నాయి. తర్వాతి ప్రదర్శనకు గాజులు తగ్గించాలి. టైమైపోయిందని హాలు వాళ్లు తొందరపెట్టడంతో సౌజన్యారావు పంతులు సీను పరుగుతో ముగిసింది. అది ప్రేక్షకులకీ తెలిసింది.

కరపత్రం సంగతి విడిగా చెప్పాలి. డిగ్రీ చదువుతున్న మన అమ్మాయి గురజాడ మొదటి కూర్పుకు రాసిన ముందుమాట చదివి, అందులోని లెక్కలు అచ్చు వేయించింది. విజయనగరం మహారాజా విశాఖ జిల్లాలో మూడేళ్ల శుల్క వివాహాల జాబితా తీయిస్తే 1,034 తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది వయసు పిల్లలు ముగ్గురున్నారు. నాటకం మొదలయ్యే ముందు నవ్వుతూ కబుర్లాడుకుంటున్న వరసల్లో ఆ కాగితం చదివి నిశ్శబ్దమైనవాళ్లని చూశాను. ఆ తర్వాత నవ్వలేదనుకోకండి, నవ్వారు. “తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి” డైలాగు అయితే అగ్నిహోత్రావధాన్ల కంటే ముందు ప్రేక్షకులే చెప్పేశారు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపారు. సర్వసభ్య సమావేశంలో రెండు విషయాలు తేల్చాలి. మొదటిది, వృత్తి కళాకారుల పారితోషికాన్ని ఇకమీదట బడ్జెట్‌లో విడి పద్దుగా పెట్టడం. చందాలు వసూలయ్యాక చూద్దాం అనే పద్ధతి ఆపాలని కార్యవర్గం ప్రతిపాదన. రెండోది, నాటకాన్ని విజయనగరం తీసుకెళ్లడం. అక్కడ పిలిచేవాళ్లున్నారు, బస్సు ఖర్చు మాత్రం మనదే.

వెళ్లేట్టయితే ఒక చిక్కుంది. మన శిష్యుడికి గొంతు మారిపోతోంది. పన్నెండు, పదమూడేళ్ల మగపిల్లలున్న సభ్యులు ఎవరైనా దర్శకుడితో మాట్లాడగలరు. చీర కట్టడం మేమే నేర్పుతాం.

ఇట్లు,
కార్యదర్శి