వెండి విమానం మెరుగు పని: జమా ఖర్చుల వివరణ

చందాలు ఇచ్చిన 41 కుటుంబాలకు, తొమ్మిది మంది భాగస్వాములకు నమస్కారం. జనవరి మొదటి శనివారం మొదలుపెట్టి మే నెలాఖరుకు ముగించిన, రంగు వేయని మన అల్యూమినియం విమానపు మెరుగు పనికి వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఇక్కడ చూపుతున్నాం. లెక్కలన్నీ డాలర్లలో. రసీదులు హ్యాంగరులో పనిముట్ల బీరువా పై అరలో, పాత బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. శనివారం ఉదయం ఎవరు వచ్చినా చూసుకోవచ్చు.

జమ
గత ఏడాది నిల్వ: 412.35
భాగస్వాముల వాటా, తలకు 200 చొప్పున: 1,800.00
చందాలు: 2,265.00
ఉగాది నాటి పులిహోర, గారెల అమ్మకంలో మిగులు: 638.50
ఫ్లాపు (రెక్క వెనక అంచున కిందికి వంగే పలక) నష్టానికి కోశాధికారి కట్టినది: 130.00
మొత్తం జమ: 5,245.85

ఖర్చు
మెరుగు ముద్ద, తొమ్మిది డబ్బాలు: 486.00
యంత్రాలు రెండు: 554.00
ఉన్ని మెత్తలు, నూలు గుడ్డ: 312.75
మినరల్ స్పిరిట్స్ (జిడ్డు కరిగించే ద్రావకం), చేతి తొడుగులు, మాస్కులు, టేపు, మూత ఉన్న ఇనుప డబ్బా, పళ్ళపుల్లలు: 274.40
ఫైబర్‌గ్లాస్ భాగాలకు రంగు: 1,450.00
రెండు ఫ్లాపులకు రంగు: 260.00
శనివారాల టిఫిన్లు, టీ: 603.20
కరెంటు: 145.00
బ్యాంకు, కార్డు రుసుములు: 38.90
మొత్తం ఖర్చు: 4,124.25

నిల్వ: 1,121.60

లెక్క ఇంతే. దీని మీద వచ్చిన ప్రశ్నలే ఎక్కువ.

అందరికంటే ముందు వచ్చిన ప్రశ్న: "చందా ఇచ్చాం కదా, మా అబ్బాయిని ఎప్పుడు ఎక్కిస్తారు?" మనది కిట్టు తెచ్చి ఇంట్లో కట్టుకున్న రెండు సీట్ల విమానం, ఆర్‌వి-7. అమెరికా ప్రభుత్వ లెక్కలో ప్రయోగాత్మక విభాగం. డబ్బు తీసుకుని ఇందులో మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. చందా మెరుగు పనికి మాత్రమే. పిల్లలను ఎక్కించేది ఈఏఏ అనే విమాన ప్రియుల సంస్థ 1992 నుంచి నడుపుతున్న యంగ్ ఈగిల్స్ కార్యక్రమం కింద, 8 నుంచి 17 ఏళ్ళ వయసు వాళ్ళను, ఉచితంగా. పైలట్ పక్కన ఉన్నది ఒక్కటే సీటు కాబట్టి వరుస నెమ్మదిగా కదులుతుంది. ఆ వరుసకూ చందా పుస్తకానికీ సంబంధం లేదు. నూరు డాలర్లు ఇచ్చిన వారి అబ్బాయి వెనక, ఏమీ ఇవ్వని వారి అమ్మాయి ముందు ఉండవచ్చు.

రెండో ప్రశ్న: రంగు వేయిస్తే పోయేది కదా? రంగు వేసే రెండు చోట్ల అడిగాం. ఒకరు 14,000 అన్నారు, మరొకరు 17,500. పైగా రంగు బరువు ఎప్పటికీ మోయవలసిందే. రెండో ప్రపంచ యుద్ధం చివరి ఏళ్ళలో అమెరికా సైన్యం తన విమానాలకు రంగు మానేసిన కారణాల్లో ఆ బరువూ ఒకటి. మన పక్క ఊరు ఫోర్ట్‌వర్త్‌లో కేంద్రం ఉన్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ కూడా 2013 దాకా రేకును మెరిపించే నడిపింది. అయినా భాగస్వాముల ఓట్లు అయిదు, నాలుగుగా చీలాయి. ఓడిన నలుగురిలో కోశాధికారినైన నేనొకణ్ణి. రంగు డబ్బు ఒక్కసారి పోతుంది, మెరుగు ఏడాదికోసారి చెయ్యి చాపుతుంది అన్నది నా వాదన. ఇప్పటికీ అదే అంటాను, అద్దంలా ఉన్న రెక్కలో నా మొహం చూసుకుంటూ.

ఇక మేము వేసుకున్న అంచనా 3,500. దాటినది 624.25. అది మూడు చోట్ల పోయింది.

మొదటిది ముద్ద. మేము వాడినది నూవైట్ అనే మెరుగు ముద్ద: గరుకుగా కోసే ఎఫ్7, దాని తర్వాత సి, చివర ఎస్. ఎఫ్7 రెండు డబ్బాలు చాలనుకున్నాం, నాలుగు పట్టాయి. కారణం మా చేతిదే. కిట్టు వచ్చినప్పుడు రేకుల మీద నీలం ప్లాస్టిక్ పొర ఉంటుంది. రివెట్ల వరుస వచ్చే చోట మాత్రం సోల్డరింగ్ ఐరన్ కొనతో, స్కేలు పెట్టి గీసి, ఆ పొరను పట్టీలుగా లాగేశాం. మిగతా పొర నిర్మాణం అయ్యేదాకా అలాగే ఉంచాం. పట్టీ తీసిన చోట ఏళ్ళ తరబడి గాలి, చెమట చేతులు, పనిముట్ల రాపిడి తగిలాయి. తియ్యని చోట ఏవీ తగలలేదు. మామూలు వెలుతురులో తేడా కనిపించదు. మొదటి మెరుగు పడగానే రెక్క గళ్ళ లుంగీలా బయటపడింది. రెక్కల వైశాల్యం 121 చదరపు అడుగులు, పైనా కిందా కలిపితే 242. ఆ గళ్ళు కలిసిపోయేదాకా మళ్ళీ మళ్ళీ రుద్దడానికి అదనపు డబ్బాలు రెండు, రవాణాతో 114.25.

రెండోది ఫైబర్‌గ్లాస్. ఇంజను మూత, రెక్కల కొనలు, చక్రాల తొడుగులు లోహం కావు, వాటికి రంగు తప్పదు. 1,200 అనుకున్నాం. మూత మీద సూది మొనంత రంధ్రాలు చాలా ఉన్నాయి, అవి పూడ్చకుండా రంగు వేస్తే ప్రతిదీ కనిపిస్తుందని పనివారు చెప్పారు. పూడ్చే కూలి 250 పెరిగింది. మూత పైభాగం కావాలనే మెరుపు లేని నలుపు వేయించాం, పైలట్ కళ్ళలో ఎండ కొట్టకుండా.

మూడోది 260. ఇది నా తప్పు, కాబట్టి వివరంగా రాస్తాను. ఈ రేకు ఒకే లోహం కాదు. లోపల రాగి కలిసిన గట్టి మిశ్రమం, 2024-టి3. బలం దానిదే, చిలుము పట్టేదీ అదే. దానికి రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర అతికించి ఉంటుంది, మందంలో ఒక్కో వైపు 5 శాతం. 0.032 అంగుళాల రేకయితే ఆ పొర 0.0016 అంగుళం, అంటే కాగితం మందంలో సగం కూడా లేదు. మెరిసేది ఆ పొర, లోపలి మిశ్రమాన్ని కాపాడేదీ ఆ పొర. కుడి ఫ్లాపు మీద బెత్తెడు గీత ఉంది. ముద్దతో పోవడం లేదని, ఎవరూ చూడకుండా 400 నంబరు ఇసుక కాగితం తీసుకుని రుద్దాను. గీత పోయింది. మెరుగు పెట్టాక ఆ చోట ముదురు మచ్చ తేలింది, ఎంత తోమినా చుట్టూ ఉన్న వెండిలో కలవలేదు. పొర దాటి లోపలికి పోయానన్నమాట. మనలో రిపేర్‌మన్ సర్టిఫికెట్ (ఇంట్లో కట్టిన విమానాన్ని తనిఖీ చేసే అర్హత) ఉన్న భాగస్వామి కొలిచి చూసి, బలానికి ఢోకా లేదు, కానీ ప్రైమరూ రంగూ వేయక తప్పదన్నారు. ఒక్క ఫ్లాపుకే వేస్తే అతుకులా ఉంటుందని రెండింటికీ వేయించాం. "ఎర్ర ఫ్లాపులు భలే ఆలోచన" అని మెచ్చుకున్నవారికి ఇదీ దాని చరిత్ర. సగం డబ్బు, 130, నేను కట్టాను. మొత్తం కడతానంటే కమిటీ ఒప్పుకోలేదు.

యంత్రాల్లో ఒకటి సెకండ్‌హ్యాండ్ రోటరీ, 165. దాంతో ఉన్ని మెత్త పెట్టి ఎఫ్7 రుద్దాం. రెండోది రెండు తలలు తిరిగే సైక్లో, 389. రోటరీ ఒక్కదానితో సరిపెట్టవచ్చుగా అని ముగ్గురు అడిగారు. రోటరీ వదిలిన సుడి గీతలు నీడలో కనిపించవు, ఎండలోకి లాగితే సాలెగూడులా మెరుస్తాయి. వాటిని తీసేది సైక్లో, దాని తలలకు కట్టిన మెత్తటి నూలు గుడ్డ.

పళ్ళపుల్లలు ఇరవై పెట్టెలా అని మా ఆడిటరు రసీదు పట్టుకుని ఫోను చేశారు. ముద్ద ప్రతి రివెట్ తల చుట్టూ దిగి, ఎండి, నల్లటి ఉంగరంలా నిలుస్తుంది. రివెట్లు వేలల్లో. పిల్లలు పుల్ల మినరల్ స్పిరిట్స్‌లో ముంచి ఒక్కొక్క ఉంగరమే తీశారు. ఇనుప పీచు వాడి ఉంటే త్వరగా అయ్యేది, కానీ దాని తునకలు అల్యూమినియంలో దిగి చిలుముకు దారి ఇస్తాయి. తెనాలి నుంచి వచ్చిన ఒక భాగస్వామి తల్లిగారు నల్లబడిన మెత్తలు చూసి, "ఇత్తడి బిందెలు చింతపండుతో తోమలేదా, దీనికింత ఖర్చా?" అన్నారు. వెంటనే ఆవిడే, "అయినా సత్తు గిన్నెలో పులుపు ఉంచకూడదులే" అని సమాధానమూ చెప్పుకున్నారు. ఆ నలుపు మురికి కాదు, ఊడివచ్చిన ఆక్సైడూ కాస్త అల్యూమినియమూ. మెత్త నల్లబడుతోందంటే పని జరుగుతోందని అర్థం.

టిఫిన్ల మీద ఒక కుటుంబం అభ్యంతరం చెప్పింది: చందా విమానానికి ఇచ్చాం, ఇడ్లీలకు కాదు. న్యాయమే. టిఫిన్లు, కరెంటు, రుసుములు కలిపి 787.10. అది భాగస్వాముల వాటా 1,800 లోంచే తీశాం, చందా సొమ్ము ఒక్క సెంటు కూడా తగలలేదు. కూలి పద్దు లేకపోవడానికి కారణం హాజరు పుస్తకంలో ఉంది: 21 శనివారాలు, అందరివీ కలిపి 386 గంటలు.

నిల్వలో 200 చలికాలం ముందు సి, ఎస్ ముద్దలతో పైపైన చేసే పనికి పక్కన పెట్టాం. మిగతాది ఖాతాలోనే ఉంటుంది. ఏటా చేసే తనిఖీ ఖర్చు భాగస్వాములది, దానికి ఈ డబ్బు ముట్టుకోం.

పాత నూలు బనియన్లు ఇవ్వదలచినవారు హ్యాంగరు గుమ్మం దగ్గరి అట్టపెట్టెలో వేయండి. కుట్లు, అంచులు, బొత్తాలు కత్తిరించి ఇవ్వాలి. పోయిన నెల ఒక చొక్కా బొత్తం ఎడమ రెక్క మీద జానెడు గీత పెట్టింది, అది ఇంకా పోలేదు, ఇసుక కాగితం బీరువాలో పెట్టి తాళం వేశారు.

కమిటీ తరఫున,
కోశాధికారి