వడ్ల రాశులు, రాళ్లు

చిట్టి తల్లికి, నాన్న ఆశీస్సులు.

రోడ్డు భద్రత కోసం స్కూల్లో జట్టు కట్టామని, అట్టల మీద నినాదాలు రాసి నెల్లూరులో ర్యాలీ తీస్తామని ఫోన్లో చెప్పావు. చాలా సంతోషమమ్మా. 2022లో ఒక్క ఏడాదే మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. మీ వయసు పిల్లలు ఈ పని నెత్తికెత్తుకోవడం నాకెంతో గర్వంగా ఉంది.

ర్యాలీ అయ్యాక మన పల్లెల వైపు కూడా రండి. కోవూరు చుట్టుపక్కల ఇప్పుడు కోతలు. ఏ రోడ్డు చూసినా సగం వడ్లే. పగలు సరే, కనిపిస్తాయి. పొద్దుగూకాక రాశి మీద నల్లపట్ట కప్పి, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. ఎదురుగా వచ్చే లారీ లైటు కళ్లలో పడితే బండి మీద వచ్చేవాడికి ఆ పట్టా తారురోడ్డూ ఒకటే. వడ్లు ఎత్తేసి బస్తాలకు పట్టాక కూడా రాళ్లు అక్కడే పడుంటాయి. వాటిని చూస్తే నాకు కడుపు మండిపోతుంది. తీసి పక్కన పడేయడం ఎంత పని?

అట్లాగని రైతును తిట్టేటట్టు మాట్లాడొద్దు. మిషన్ కోసిన వడ్లు పచ్చిగా వస్తాయి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ, బయట దళారి ధర తెగ్గోస్తాడు. కళ్లం అందరికీ లేదు, ఆరబోయక ఏం చేస్తారు? మలుపుల్లో పోయొద్దని, చీకటిపడేలోపు రాశిని మార్జిన్‌లోకి జరపమని, పట్టకు లారీల వెనక అంటించే మెరిసే స్టిక్కర్ వేయమని అడగండి. స్టిక్కర్లు మీరే తెచ్చి అంటిస్తే ఇంకా మేలు. పిల్లలు చెప్తే మావాళ్లు కాదనలేరు.

మీ క్లాసు మగపిల్లలు కొందరు బండ్లేసుకుని వస్తున్నారన్నావు. 18 నిండని పిల్లాడు బండితో నేరం చేసి దొరికితే తండ్రికో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. 2019లో చట్టం సవరించి పెట్టారు. వాళ్లతో నెమ్మదిగా చెప్పు. హెల్మెట్ గడ్డం కింద బకిల్ వెయ్యకపోతే పడ్డప్పుడు అదొకచోట, తలొకచోట అని కూడా చెప్పు. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాల్సిందే.

ఆదివారం సారు మిమ్మల్ని తీసుకొస్తానంటే ముందురోజే ఫోన్ చెయ్యి. రైతుల్ని కూర్చోబెట్టే పూచీ నాది. పొద్దున్నే రండి, ఎండెక్కితే అందరూ వడ్లు తిరగేసే పనిలో పడతారు.

మీ నాన్న