పాత సర్వర్ ఆపే ముందు ఆ ప్యాకేజీని విప్పి చూపించమనండి

ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

ప్రభుత్వ వెబ్‌సైట్లను క్లౌడ్‌కు మార్చే ప్రతి ఒప్పందంలో ఒక షరతు చేర్చమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. సైట్ ఫైళ్లన్నిటినీ కలిపి కట్టిన ప్యాకేజీని (జిప్ ఫైలు లాంటిది) వేరే ఖాళీ సర్వర్‌లో విప్పి, అది పనిచేస్తోందని చూపించాకే బిల్లు చెల్లించాలి. పాత సర్వర్‌ను కూడా ఆ తర్వాతే ఆపాలి.

జిప్ ఫైలు తయారైనంత మాత్రాన సైట్ మొత్తం అందులోకి వచ్చినట్టు కాదు. ఉత్తర్వులు, దరఖాస్తుల వివరాలు చాలా సైట్లలో డేటాబేస్‌లో ఉంటాయి. దాన్ని విడిగా డంప్ (మొత్తం డేటా నకలు) తీయాలి, అదీ కొత్త దరఖాస్తులను కాసేపు ఆపి తీయాలి. లేదంటే ఆఖర్న వచ్చినవి పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి. ఇక లింకు నొక్కితే ఏ పేజీ చూపాలో సర్వర్‌కు చెప్పే డాట్ హెచ్‌టీయాక్సెస్ లాంటి, చుక్కతో మొదలయ్యే ఫైళ్లు ‘అన్నీ’ అని అర్థమిచ్చే స్టార్ గుర్తుతో కాపీ చేస్తే మామూలుగా రావు. అప్పుడు హోమ్ పేజీ బాగానే తెరుచుకుంటుంది, లోపలి పేజీలు నొక్కితే 404 (పేజీ దొరకలేదు) వస్తుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ తెలుగు పేజీల గురించే. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. డంప్ తీసేటప్పుడు పొరపాటున తెలుగు అక్షరాలకు చోటే లేని లాటిన్-1 పద్ధతి పెడితే అక్షరాల చోట వరసగా ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఆ డంప్ నుంచి అసలు అక్షరాలను ఎవరూ వెనక్కి తీసుకురాలేరు. ఇంగ్లీషు పేజీలకు మాత్రం ఏమీ కాదు. కాబట్టి ఇంగ్లీషు పేజీ చూసి సంతకం పెట్టే అధికారికి ఈ నష్టం కనబడదు. తెలుగులో పేర్లున్న పీడీఎఫ్‌లదీ ఇదే కథ. జిప్ పద్ధతిలోకి యూటీఎఫ్-8 పేర్ల గుర్తు వచ్చింది 2006లోనే, దాన్ని పట్టించుకోని పాత టూల్స్‌తో విప్పితే పేర్లు చెడిపోతాయి. లినక్స్ సర్వర్ల మధ్య అయితే జిప్‌కు బదులు టార్ అనే ప్యాకింగ్ పద్ధతి వాడటమే మేలని నా అభిప్రాయం. ఫైళ్ల అనుమతులు కూడా అందులో భద్రంగా ఉంటాయి.

భద్రత సంగతి కూడా చూడండి. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండే కాన్ఫిగరేషన్ ఫైలు ఆ ప్యాకేజీలోనే ఉంటుంది. పని అయ్యాక ఆ ప్యాకేజీని సైట్ పబ్లిక్ ఫోల్డర్‌లో వదిలేస్తే, పేరు ఊహించిన ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఎన్‌క్రిప్ట్ చేసి పంపమనండి, తర్వాత పాస్‌వర్డ్‌లు మార్పించండి.

పరీక్ష మరో బృందంతో చేయించండి. రెండు వైపులా ప్యాకేజీకి వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 విలువ సరిపోయిందో లేదో వాళ్లు చూడాలి. తెలుగు పేజీలు తెరవాలి, ఒక దరఖాస్తు నింపి పంపాలి, పదేళ్ల నాటి ఉత్తర్వు లింకు కూడా నొక్కి చూడాలి. ఆ లింకులు జనం పిటిషన్లలో, అర్జీల్లో రాసుకున్నవి. చిరునామా మారక తప్పకపోతే 301 అనే శాశ్వత మళ్లింపుతో కొత్త చోటికి పంపాలి.

ఈ షరతును తదుపరి టెండరులోనే చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
వెబ్‌సైట్ల నిర్వహణలో పనిచేసే ఒక పౌరుడు