కుక్కపిల్ల రేటు ఒక్కటే చూసి కొనకండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మీ పేపర్ చిన్న ప్రకటనల్లో "ఒరిజినల్ లాబ్రడార్ పిల్లలు అమ్మబడును" అని ఒట్టి ఫోన్ నెంబర్ వేసి వస్తున్నాయి కదండీ, వాటి గురించే ఈ ఉత్తరం.

పోయినేడు మా పాప పోరు పడలేక మూడు చోట్ల అడిగాం. విశాఖపట్నంలో ఇంట్లోనే పెంచే ఒకాయన 24 వేలు చెప్పాడు, తల్లిదండ్రులెవరో రాసుండే కెన్నెల్ క్లబ్ పేపర్లున్నాయి, వచ్చి తల్లిని చూసుకోండి, కానీ ఎనిమిది వారాలు నిండకుండా పిల్లనివ్వను అన్నాడు. బరంపురంలో ఒక షాపు వాళ్ళు 15 వేలన్నారు. పాతపట్నం వైపు బ్రోకరు ఒకడు 9 వేలకి రేపే పంపిస్తానన్నాడు, రేపే అనేసరికి మేం అటే పడిపోయాం.

బస్సులో యాపిల్ పళ్ళ అట్టపెట్టెలో వచ్చింది పిల్ల. బ్రోకరేమో రెండు నెలల పిల్లన్నాడు, మా డాక్టరు గారు నోరు తెరిచి పళ్ళు చూసి ఐదు వారాలు కూడా ఉండవమ్మా అన్నారు. టీకా కార్డులో తేదీ పెన్నుతో రాసుంది గానీ టీకా సీసా మీంచి తీసి అంటించే స్టిక్కర్ లేదు, డాక్టర్ సంతకం లేదు, అది చూడాలని మాకు తెలిస్తే కదా. నాలుగో రోజు వాంతులు, ఐదో రోజు రక్తవిరేచనాలు, పార్వో అనే వైరస్ జబ్బన్నారు. ఏడు రోజులు సెలైన్. దాని కాలు నా వేలంత ఉంటది, సూది కదలకుండా మా పాప ఆ కాలు పట్టుకుని గంటలు గంటలు కూచుంది. ఎలాగో బతికాడు మా బ్రూనో. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉండిపోద్ది, ఫినాయిల్‌కి చావదు, బ్లీచ్‌తో కడగండి అన్నారు డాక్టరు గారు.

పదో నెలకొచ్చేసరికి వెనక కాలు ఈడుస్తున్నాడు. ఎక్స్‌రే తీస్తే తుంటి కీలు సరిగ్గా అతకలేదంట, లాబ్రడార్లకి ఇది తల్లిదండ్రుల నుంచి ఎక్కువగా వస్తదంట. పిల్లకి 9,000, బస్సుకి 500, పార్వోకి 8,400, ఎక్స్‌రేలు మందులు వైజాగ్ తిరుగుళ్ళు 7,800, మొత్తం 25,700. తిండి, మామూలు టీకాలు ఏ కుక్కకైనా తప్పవు కాబట్టి కలపలేదు. అలాగని పేపర్లుంటే చాలనుకోకండి, ఆ పేపర్ తల్లిదండ్రులెవరో చెప్తది గానీ వాటి తుంటి బాగుందో లేదో చెప్పదు, తల్లిదండ్రుల ఎక్స్‌రే ఉందా అని అడగండి.

బ్రోకరుకి ఫోన్ చేస్తే బస్సెక్కించినప్పుడు బాగానే ఉందే అన్నాడు. ఇక్కడ అడిగితే అమ్మినోడు ఆంధ్రావాడు అంటారు, అక్కడికెళ్తే మీది ఒడిశా కదమ్మా అంటారు. కానీ 2017లో కేంద్రం పెట్టిన కుక్కల పెంపకం, అమ్మకాల రూల్స్ రెండు వైపులా ఒకటేనండి. పెంచి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అవ్వాలి, ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు, తల్లికి ఏడాదికి ఒక్క ఈతకి మించకూడదు.

అందుకే ఎడిటర్ గారూ, కుక్కపిల్లల ప్రకటన తీసుకునేటప్పుడు ఆ రిజిస్ట్రేషన్ నెంబర్ అడగండి, ప్రకటనలో ఫోన్ నెంబర్ పక్కనే అది కూడా వెయ్యండి, అది లేకపోతే ఆ ప్రకటనే తీసుకోకండి.

ఇట్లు
మీ పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా